మాటకన్నా ముందు

రణధీర్ మాట పడిపోయిన మరుసటి వేసవిలో అతని గేమింగ్ సెంటర్ షట్టర్‌ను మళ్లీ ఎత్తారు. ఆటలు మొదలుపెట్టడానికి కాదు, లోపలున్న కంప్యూటర్లను విప్పి పట్టుకుపోవడానికి.

షట్టర్ ఎత్తింది అతని స్నేహితుడు ఇలియాస్. ఇద్దరూ ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి, హనుమకొండలో కోచింగ్ సెంటర్ల సందులో, జిరాక్స్ దుకాణం మీదున్న ఆ గదిని అద్దెకు తీసుకున్నారు. సాయంత్రమైతే కుర్రాళ్లు మెట్ల మీద వరస కట్టేవారు. రణధీర్ తన ఆటను నెట్‌లో లైవ్ పెట్టేవాడు. ఆడినంతసేపూ వాగుతూనే ఉండేవాడు. అతని ఆట కోసం వచ్చేవాళ్లకంటే ఆ వాగుడు వినడానికి వచ్చేవాళ్లే ఎక్కువ. కొత్త కంప్యూటర్లు కొనే తాహతు లేక, పాతవాటికే అతుకులు వేసి, కంపెనీవాడు పెట్టిన హద్దు దాటించి, ఖరీదైన వాటితో సమానంగా పరిగెత్తించేవాడు. ఆటకన్నా అతనికి ఆ పనే ఎక్కువ ఇష్టం.

జబ్బు మొదట కుడిచేతి బొటనవేలిలో కనిపించింది. గురి తప్పుతుంటే మౌస్ పాడైందనుకుని మార్చాడు. తర్వాత ఇంకోటి మార్చాడు. మూడోది మార్చబోతుంటే ఇలియాస్ చూసి, "మౌస్ గాదురా, నీ చెయ్యి" అన్నాడు. నరాల జబ్బు అని డాక్టర్లు తేల్చేసరికి భుజాల దాకా పాకింది. ఆ తర్వాత కాళ్లు, నాలుక. మెదడు మాత్రం చెక్కుచెదరదని, చివరిదాకా అన్నీ తెలుస్తూనే ఉంటాయని డాక్టర్ చెప్పినప్పుడు, దానికి సంతోషించాలో ఏడవాలో వాళ్లమ్మ అనసూయకు అర్థం కాలేదు.

అతని అక్క మృదుల హైదరాబాద్‌లో ఒక పరిశోధనశాలలో పనిచేసేది. మాట పోయినవాళ్ల మెదడు మీద, పుర్రె లోపల, తమలపాకంత పట్టీని అమర్చి, వాళ్లు పలకబోయే మాటను పట్టుకునే ప్రయత్నం అక్కడ జరుగుతుండేది. ప్రొఫెసర్ సుభాషిణి ఆ బృందానికి పెద్ద. మనుషుల మీద పరీక్షకు అనుమతి వచ్చినప్పుడు ముందుకొచ్చిన మొదటి రోగి రణధీర్. అప్పటికి అతనికి తల ఊపే శక్తి ఇంకా ఉంది. సంతకం పెట్టలేక వేలిముద్ర వేశాడు.

పట్టీ నుంచి వచ్చే సంకేతాలు బలహీనంగా, చెదిరిపోయి వచ్చేవి. వాటిని ఒక పెద్ద యంత్రం వడగట్టి, ఎదుటివాళ్లు అన్నదాన్ని కూడా మైకులో విని, ఆ మనిషి ఏ మాట అనబోతున్నాడో ఊహించేది. ఊహించిన మాటను తెరమీద చూపించేది. అవునని అతను మనసులో అనుకుంటే ఆ సంకేతం మళ్లీ పట్టీలో కనిపించేది, అప్పుడే ఆ మాటను పైకి పలికేది. కాదనుకుంటే ఇంకోటి వెతికేది. గొంతు మాత్రం రణధీర్‌దే. అతని పాత లైవ్ రికార్డింగులన్నీ యంత్రానికి వినిపించి, అతని గొంతును, మాట తీరును నేర్పించారు. మొదటిసారి ఆ గొంతు పరిశోధనశాలలో "అమ్మా" అన్నప్పుడు అనసూయ చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్లిపోయి, వరండాలో చాలాసేపు నిలబడింది.

తర్వాత ఏడాది తిరక్కుండానే ఆ ప్రయోగాన్ని ఆపేశారు. నిధులిచ్చే సంస్థ తప్పుకుంది. పెద్ద యంత్రం వేరే విభాగానికి వెళ్లిపోయింది. పట్టీని బయటికి తియ్యాలంటే మళ్లీ పుర్రె తెరవాలి, అంత ప్రమాదం వద్దని దాన్ని అలాగే ఉంచేశారు. రణధీర్ తలలో మాటలు పుడుతున్నాయి, పట్టీ వాటిని పట్టుకుంటోంది, వినే యంత్రం మాత్రం లేదు. ప్రొఫెసర్ సుభాషిణి ప్రోగ్రాం మొత్తాన్ని ఒక డ్రైవులో పెట్టి, ఉద్యోగం వదిలి ఇంటికి వెళ్తున్న మృదుల చేతికిచ్చింది. ఇంట్లో నడిపించగలిగితే నడిపించు, కానీ వాడు ఒప్పుకున్న మాటనే పలకాలి, ఆ నియమం మాత్రం తప్పొద్దు అని చెప్పి పంపింది.

అందుకే షట్టర్ ఎత్తారు.

*

సెంటర్లో మిగిలిన కంప్యూటర్లలో ఏ ఒక్కటీ ఆ ప్రోగ్రాంను మోసే స్థితిలో లేదు. ఒకదాని మెమరీ తీసి ఇంకోదాంట్లో వేశారు. ఒకదాని పవర్ సప్లై, మరోదాని డబ్బా, ఇంకోదాని ఫ్యాన్లు. గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే బయట కొనక తప్పలేదు. బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ నాణేల వేటలో ఎవరో పగలూ రాత్రీ నడిపి అమ్మేసిన కార్డును ఇలియాస్ సికింద్రాబాద్ నుంచి పట్టుకొచ్చాడు. దాని రెక్కల నిండా నల్లటి దుమ్ము. మృదుల పాత టూత్ బ్రష్‌తో దులిపింది. ఎండిపోయి పెచ్చులు కట్టిన పేస్టును గీకేసి, చిప్ మీద కొత్త పేస్టు పూసింది. ఆమె చదువులో ఈ పని ఎప్పుడూ లేదు. తమ్ముడి చక్రాల కుర్చీని ఎదురుగా పెట్టుకుని, ప్రతి భాగాన్నీ అతనికి ఎత్తి చూపించి, కళ్లు పైకెత్తితే బిగించేది, పక్కకు తిప్పితే పక్కన పెట్టేది. అప్పటికింకా కళ్లు అతని మాట వినేవి.

మిషన్ లేచింది. పట్టీ నుంచి తల వెనక బయటికొచ్చిన ప్లగ్గుకు తీగ కలిపి, పక్కన మైకు పెట్టారు. రణధీర్ గొంతు మళ్లీ ఇంట్లో వినిపించింది. కానీ పరిశోధనశాలలో కంటే చాలా నెమ్మదిగా. ఒక వాక్యం పూర్తయ్యేలోపు పొయ్యి మీద పాలు పొంగి చల్లారేవి. అనసూయ ఏదో అడిగి, జవాబు వచ్చేలోపు వంటింట్లోకి వెళ్లి వచ్చేది. వచ్చేసరికి ప్రశ్న ఆమె మరిచిపోయేది. పాత జవాబు ఒంటరిగా పలికేది.

వారం రోజుల్లో అతను చెప్పగలిగింది కొద్దిగానే. అందులో సగం ఒకటే మాట: "స్పీడ్ పెంచు."

వేగం పెంచడం ఎలాగో అతనికే తెలుసు, చేతులు మాత్రం మృదులవి. ఒక మెట్టు ఎక్కించు, గంటసేపు నడిపించి చూడు, ఆగిపోతే ఒక మెట్టు దించు. ఇదే అతని పద్ధతి. చిప్ గడియారం వేగాన్ని కాస్త పెంచితే వేడెక్కేది, వేడెక్కితే తెర నీలంగా మారి ఆగిపోయేది. మళ్లీ లేపి, కరెంటు కాస్త ఎక్కువిచ్చి, ఫ్యాన్ తిప్పుడు పెంచి, మళ్లీ ప్రయత్నించేవారు. డబ్బా పక్క రేకు తీసేసి ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టారు. వరంగల్ ఎండలకు అదీ చాలక, హాల్లోని ఎయిర్ కూలర్‌ను కంప్యూటర్ దగ్గరికి జరిపారు. అనసూయ తడిసిన చీరకొంగుతో విసురుకుంటూ, మనుషులకు లేని చల్లదనం డబ్బాకు కావల్సి వచ్చిందని నవ్వింది.

ఒక మధ్యాహ్నం రణధీర్ తనంతట తాను ఒక పొడుగు మాట మొదలుపెట్టాడు. అది పూర్తయ్యేదాకా మృదుల కూర్చుని విన్నది.

"ఆగిపోతే భయం లేదక్కా. ఆగకుంట తప్పు జేస్తే గదే భయం."

ఇలా చిప్ వేగం పెంచి ఓవర్‌క్లాక్ చేసేవాళ్లందరికీ తెలిసిన విషయమది. హద్దు మీరిన చిప్ ఒక్కోసారి కూలిపోదు. పనిచేస్తూనే ఉంటుంది, లెక్కలు మాత్రం అక్కడక్కడ తప్పుతుంటాయి, పైకి ఏమీ కనపడదు. మృదుల సరేనని ప్రతి మెట్టు దగ్గరా లెక్కల పరీక్ష పెట్టింది. ఒక్క లెక్కా తప్పలేదు. చిప్ నిజంగానే తట్టుకుంది.

తప్పు జరిగింది ఇంకో చోట. అది ఎవరి పరీక్షకూ అందలేదు.

*

ఒకరోజు పొద్దున టిఫిన్ల వేళకు గొంతు పరిగెత్తడం మొదలైంది. అనసూయ ఉప్మా కలుపుతూ, కరివేపాకు అయిపోయిందని పైకే గొణుక్కుంది. ఆమె నోరు మూసేలోపే హాల్లోంచి గొంతు వచ్చింది.

"కరివేపాకు లేకుంటే ఉప్మా ఎందుకమ్మా, సిమెంటు గలుపు."

అనసూయ గరిటెతోనే బయటికొచ్చింది. రణధీర్ ఇలాగే అనేవాడు. సరిగ్గా ఇదే దురుసు, ఇదే వేగం. మధ్యలో ఎదురుచూపు లేదు, అతుకు లేదు. ఆ రోజంతా ఇంట్లో మాటలే మాటలు. ఇలియాస్ వచ్చి సాయంత్రందాకా కూర్చున్నాడు. ఇద్దరూ పాత ఆటల్లో ఎవరెవరు ఎవర్ని ఎలా ఓడించారో తలుచుకుని తిట్టుకున్నారు. వెళ్తూ ఇలియాస్ మెట్ల మీద ఆగి కళ్లు తుడుచుకున్నాడు.

మృదుల ఫోన్లో చెబితే ప్రొఫెసర్ సుభాషిణి మొదట నమ్మలేదు. మృదుల పంపిన మాటల వేగం లెక్కలు మళ్లీ మళ్లీ చూసుకుంది. ఆ తర్వాత, సెకండ్ హ్యాండ్ సామానుతో మనం చెయ్యలేనిది చేశావు అని మాత్రం అంది. ఆమె గొంతులో సంతోషమే ఉంది.

ఆ నెలలు ఆ ఇంటికి పండగ. అనసూయకు కొడుకు దొరికాడు. చిక్కుడుకాయలు వలుస్తూ, బట్టలు మడతపెడుతూ, కుర్చీ పక్కన కూర్చుని వీధిలోని సంగతులన్నీ చెప్పేది. గొంతు ప్రతిదానికీ బదులిచ్చేది, వెక్కిరించేది, నవ్వించేది. భర్త పోయినప్పటి నుంచి ఆమె అంతగా నవ్విన గుర్తు మృదులకు లేదు.

ఒక సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. గొంతు వచ్చాక అతని కళ్లలోకి చూడటం మానేశారు. ఇంతకుముందు అవుననో కాదనో తెలుసుకోవడానికి ఆ కళ్లనే చూసేవారు. ఇప్పుడు పెదవుల్లేని స్పీకరే అన్నీ చెబుతోంది. ఈలోగా కనుగుడ్ల కదలిక కూడా తగ్గిపోయింది. కంటి చివర అప్పుడప్పుడు నీరు నిలిచేది. రెప్పలు సరిగా కొట్టుకోక కళ్లు ఎండి అలా అవుతుందని డాక్టర్ అంతకుముందే చెప్పారు. అనసూయ మెత్తటి గుడ్డతో తుడిచి చుక్కల మందు వేసేది.

వానలు మొదలయ్యాక ఊపిరి తీయడం కష్టమైంది. డాక్టర్ కరుణాకర్ ఇంటికొచ్చి చూశారు. గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి గొట్టం పెడితే, ఊపిరి మిషన్ సాయంతో ఇంకా కొన్నేళ్లు ఉండొచ్చన్నారు. అయితే ఊపిరితిత్తులు మరీ బలహీనపడక ముందే చెయ్యాలి. పెట్టించుకోవాలా వద్దా అన్నది రోగి ఇష్టం. ఆయన రణధీర్ ఎదురుగా కుర్చీ వేసుకుని, ఓపికగా అంతా వివరించి, నీ మాట చెప్పమని అడిగారు.

గొంతు ఒక్క క్షణం కూడా తీసుకోలేదు.

"వద్దు సార్. ఆడినంత ఆడినం. ఇగ చాలు."

అనసూయ వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది. డాక్టర్ తల వంచుకుని, ధైర్యమున్న పిల్లాడు అని మృదుల భుజం తట్టి వెళ్లారు. ఆ మాట కాదనే హక్కు తమకు లేదని మృదుల తల్లికి నచ్చజెప్పింది. తనకు తాను నచ్చజెప్పుకోవడానికి ఇంకా ఎక్కువ రోజులు పట్టింది.

*

ఒక ఆదివారం మధ్యాహ్నం మృదుల బజారు నుంచి వచ్చేసరికి హాల్లో మాటలు వినిపిస్తున్నాయి. అనసూయ గోడకు చేరగిలబడి, పక్కింటివాళ్ల కోడలు బండి నేర్చుకుంటూ కూరగాయల తోపుడుబండిని గుద్దిన వైనం చెబుతోంది. గొంతు మధ్యమధ్య చురకలు వేస్తోంది. మృదుల సంచీ దించి, తమ్ముడి ఒళ్లో జారిపోయిన దుప్పటి సర్దబోయి, ఆగిపోయింది.

అతని రెప్పలు పూర్తిగా వాలి ఉన్నాయి. ఛాతీ నెమ్మదిగా, ఒకే లయలో లేచి పడుతోంది. పట్టీ సంకేతాలు చూపించే చిన్న తెర వైపు చూసింది. దాని మీది అలలు వెడల్పుగా, బద్ధకంగా కదులుతున్నాయి. గాఢనిద్రలో ఉన్న మెదడు అలలు అవి. పరిశోధనశాలలో వాటిని ఆమె వందలసార్లు చూసింది.

"గా తోపుడుబండాయన ఏమన్నడమ్మా?" అంది గొంతు.

అనసూయ నవ్వుతూ చెప్పడం మొదలుపెట్టింది. మృదుల వంగి, కంప్యూటర్ వైపు నుంచి పట్టీ తీగను లాగేసింది. చిన్న తెర మీద అలలు పోయి, ఒక గీత మిగిలింది.

"మంచిగైంది," అంది గొంతు. "టమాటలు పగిలినయా, తల పగిలిందా?"

అనసూయ కడుపు పట్టుకుని నవ్వింది. మృదుల చిన్న తెర మీది గీతను మళ్లీ చూసింది. తీగ ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ఇంకో రెండు మాటలు నడిచాక చెప్పేది అయిపోయి అనసూయ ఆగింది, గొంతూ ఆగింది. అప్పుడు అనసూయ కూతురి ముఖం చూసింది.

ఆ సాయంత్రమంతా మృదుల ప్రోగ్రాం ముందు కూర్చుంది. జరిగింది తెలుసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. యంత్రం ఒక మాట ఊహించి, రణధీర్ మనసు అవునన్నదాకా ఆగాలి. నెమ్మదిగా నడిచినన్నాళ్లూ ఆగింది. వేగం పెరిగాక, అతని మెదడు నుంచి అవునన్న సంకేతం వచ్చేలోపే తర్వాతి మాట, ఆపై మాట ఊహించేసేది. తన ఊహ మీద తనకే నమ్మకం ఎక్కువై, ఆ నమ్మకాన్నే అతని ఒప్పుకోలుగా లెక్కేసుకుంది. మనం మాట మొదలుపెట్టగానే అందుకుని తామే పూర్తిచేసే మనుషులుంటారు. అది కూడా అలాగే తయారైంది. లెక్క ఎక్కడా తప్పలేదు. ఆలస్యంగా వచ్చిన రణధీర్ సొంత మాట మాత్రం అప్పటికే పలికేసిన దానితో సరిపోలక, పనికిరాని చప్పుడుగా పక్కకు పోయింది. అతను కాదని అరిచిన ప్రతిసారీ యంత్రం ఆ అరుపును వడగట్టి పారేసింది.

ఆడినంత ఆడినం, ఇగ చాలు. ఆ మాట ఎక్కడిదో అప్పుడు తట్టింది మృదులకు. ప్రతి లైవ్ చివరా, సెలవు తీసుకుంటూ రణధీర్ అనే మాట అది. రికార్డింగుల్లో వందల చోట్ల ఉంది. డాక్టర్ అడిగినదానికి యంత్రం అక్కణ్నుంచి జవాబు తీసిచ్చింది.

వేగం తగ్గిస్తానని మృదుల అంటే అనసూయ కంప్యూటర్‌కు అడ్డంగా నిలబడింది. తన కొడుకు మాటలు తనకు తెలియవా అంది. వాడు కాకపోతే కరివేపాకు సంగతి, తోపుడుబండి సంగతి ఎవరు మాట్లాడారంది. నిద్రలో కలవరించి ఉంటాడంది. అన్నీ అయిపోయాక ఆమె గొంతు తగ్గింది.

"వాని నోరు ఒకసారి దేవుడు మూసిండు. మళ్ల నువ్వు మూస్తవా బిడ్డా?"

"వాని నోరు మనమే మూసినమమ్మా," అంది మృదుల. "ఇప్పుడు తెరుస్తున్న."

*

చిప్‌ను కంపెనీ పెట్టిన వేగానికి, ఆపై దానికంటే కిందికి దించింది. ఫ్యాన్ల రొద తగ్గింది. కూలర్ ఆపేశారు. మొదటిసారి ఆ హాల్లో రణధీర్ ఊపిరి చప్పుడు వినపడింది.

మర్నాడు పొద్దున అతను మేలుకున్నాక మృదుల అతని ముఖానికి దగ్గరగా మోకాళ్ల మీద కూర్చుంది. జరిగిందంతా తనకు తెలిసిందని, ఇప్పుడు నువ్వు ఒప్పుకుంటేనే మాట పైకి వస్తుందని చెప్పింది. అనసూయ గుమ్మంలో నిలబడింది.

చాలాసేపు ఏమీ రాలేదు. బయట పాలవాడు వచ్చి వెళ్లాడు. ఎదురింటి పిల్లలు బడికి వెళ్లారు. తెర మీద మాటలు పుట్టి, కాదనిపించుకుని చెరిగిపోతున్నాయి. ఎండ కిటికీ దాటి నేల మీదికి వచ్చాక మొదటి మాట పలికింది.

"నేను."

మళ్లీ నిశ్శబ్దం. అనసూయ వచ్చి కూతురి పక్కన కూర్చుంది.

"గాదు."

ఆ రెండు మాటలకే అతని నుదురు చెమటపట్టింది. మృదుల తుడిచింది. ఇక చాలు, విశ్రాంతి తీసుకోమంది. అతను ఆగలేదు. అంతకాలం లోపల దాచుకున్నది అదొక్కటే అన్నట్టు, భోజనాల వేళ దాటేదాకా, ఒక్కొక్క మాటనే ఎంచుకుంటూ వచ్చాడు.

"భయమైతుంది. సావద్దు. గొట్టం పెట్టుండ్రి."

అనసూయ రెండు చేతులతో కొడుకు పాదాలు పట్టుకుని, నుదురు ఆనించింది.

డాక్టర్ కరుణాకర్ ఆ సాయంత్రమే వచ్చారు. విషయం విని నమ్మలేనట్టు తానే మళ్లీ అడిగారు, జవాబు కోసం దీపాలు పెట్టే వేళదాకా కదలకుండా కూర్చున్నారు. అదే జవాబు వచ్చింది. అయితే ఆ నెలలు ఊరికే పోలేదు. ఛాతీలో నెమ్ము చేరింది, జ్వరం తగులుకుంది. ఈ స్థితిలో మత్తిస్తే మళ్లీ లేవకపోవచ్చు. మందులతో జ్వరం తగ్గించి, ఊపిరి కాస్త నిలబడ్డాక ఆపరేషన్ చేద్దామన్నారు. అప్పటిదాకా ఊపిరికి సాయంగా ముఖానికి మాస్కు పెట్టారు. మెట్లు దిగుతూ ఆయన, నేను వాడి కళ్లు చూడాల్సింది అని ఒక్క మాట అన్నారు.

మృదుల ప్రొఫెసర్ సుభాషిణికి ఫోన్ చేసి చెప్పింది. వేగం చూసి మురిసిపోయాను, ఒప్పుకోలు సంగతి నేను అడగనే లేదు అందావిడ. ఇద్దరూ ఏడవలేదు. ఏం కొలవాలో, ఏం రాయాలో మాట్లాడుకున్నారు. రేపు ఇంకెవరి తలలోనైనా పట్టీ పెడితే ఇలా జరగకూడదు కదా అని.

ఆ వారం అనసూయ వేచి ఉండటం నేర్చుకుంది. వంటింట్లోకి పోవడం మానేసి కొడుకు ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చునేది. వంట ఇలియాస్ వాళ్ల ఇంటి నుంచి వచ్చేది. ఇలియాస్ కూడా వచ్చి కూర్చునేవాడు కానీ ఏమీ అడిగేవాడు కాదు. ఇన్నాళ్లూ తను ఎవరితో మాట్లాడి కళ్లు తుడుచుకున్నాడో అతనికి తెలిసిపోయింది. ఒకరోజు రణధీర్ అతన్ని చూసి "ఇల్లు" అన్నాడు. చిన్నప్పటి ముద్దుపేరు అది. రికార్డింగుల్లో ఎక్కడా లేదు. ఇలియాస్ అతని చేతిని తన చెంపకు ఆనించుకుని సాయంత్రందాకా అలాగే ఉన్నాడు.

అనసూయ మనసులో ఒకటే మాట తిరుగుతోంది. రెండు మూడు రోజులు మింగుకుని, చివరికి ఒక మధ్యాహ్నం అడిగేసింది.

"నేను దానితోటి నవ్వుకుంట ముచ్చట్లు పెడుతుంటి గద కొడుకా. నువ్వు ఇన్నవా?"

మృదుల ఆపబోయింది. అనసూయ చెయ్యి అడ్డం పెట్టింది. చెట్టు నీడ గోడ మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరిగేదాకా ఆమె ఆ కళ్లలోకే చూస్తూ కూర్చుంది.

"ఇన్న."

అనసూయ తల ఊపింది. లేచి మాస్కు తాడు సర్దింది, మందు చుక్కలు వేసింది, మళ్లీ పీట మీద కూర్చుంది. ఆమె అడక్కుండానే అతను ఇంకో మాట మొదలుపెట్టాడు.

"నువ్వు."

చాలా ఆలస్యం. తర్వాత ఇంకోటి.

"నవ్వినప్పుడల్ల."

అక్కడితో ఆగింది. తెర కింది భాగంలో యంత్రం తన ఊహలను లేత అక్షరాల్లో పేర్చసాగింది. నవ్వినప్పుడల్ల ఏం? మంచిగ అనిపించిందనా, ఏడుపొచ్చిందనా, నేను గూడ నవ్విన అనా, పిలిచిన గాని ఇనలే అనా. ఒకదాని కింద ఒకటి వస్తూనే ఉన్నాయి. తల్లి చూపు వాటి మీదికి జారడం మృదుల గమనించింది. అనసూయ గబుక్కున చెయ్యి చాపి, అరచేతితో ఆ భాగాన్ని మూసేసింది.

"వాన్నే జెప్పనీ," అంది.

అతని రెప్పలు బరువెక్కాయి. చిన్న తెర మీద అలలు నెమ్మదించాయి. అలసిపోయాడు, పొద్దున చెబుతాడులే అంది మృదుల. అనసూయ పీట జరుపుకుని, అతని మోకాలి మీద చెయ్యి వేసుకుని, అక్కడే ఉండిపోయింది.

తెల్లవారుతుండగా ఊపిరి మారింది. అంబులెన్స్ వచ్చేసరికి పెదవులు నీలం తిరిగాయి. ఆసుపత్రిలో చెయ్యగలిగినవన్నీ చేశారు. ఎండ ఎక్కకముందే రణధీర్ పోయాడు.

కర్మకాండలయ్యాక మృదుల హైదరాబాద్ వెళ్లిపోయింది. ఆగిపోయిన ప్రయోగానికి కొత్తగా నిధులు దొరకడంతో పరిశోధనశాలలో మళ్లీ చేరింది. రోగి ఒప్పుకోలు లేకుండా ఒక్క అక్షరం కూడా పైకి రాకుండా యంత్రాన్ని ఎలా కట్టడి చెయ్యాలన్నదే ఇప్పుడు ఆమె పని. పని మందకొడిగా సాగుతోంది. వేగం పెంచమని పైవాళ్లు అడిగితే ఆమె కాదంటుంది, ఎందుకో చెప్పదు.

కంప్యూటర్ హాల్లోనే ఉంది, బట్ట కప్పి. దాని చిప్‌ను రెండు మెట్లు ఎక్కిస్తే, ఆ సగం మాటను రణధీర్ గొంతుతోనే, ఎన్ని రకాలుగానైనా పూర్తి చేస్తుంది. ఆ సంగతి తల్లీకూతుళ్లిద్దరికీ తెలుసు. అనసూయ ఒక్కసారి కూడా అడగలేదు.

చుట్టాలు వచ్చినప్పుడు, పిల్లగాడు చివరికి ఏమన్నాడని అడుగుతారు. ఆమె ఆ రెండు మాటలూ చెబుతుంది. నువ్వు నవ్వినప్పుడల్ల. వాళ్లు కాసేపు చూసి, తర్వాత ఏమన్నాడంటారు.

"గంతే," అంటుంది. "గంతదాకనే జెప్పిండు."